అరటి పలకకు కొత్త సిస్టమ్

శ్రావణ బహుళ పంచమి

ఈ పొద్దున మా అరటి పలక కంప్యూటర్‌లో బోర్డు మాడిపోయింది. వాసన ముందు వంటశాలకే తగిలింది. అప్పయమ్మత్త తన పోపే మాడిందనుకుని మూకుడు దించేసి, పొయ్యి ఆపేసి, అప్పుడు ముక్కు ఎగబీల్చి, "ఇది నా పొయ్యి వాసన కాదు, రత్నం గదిలోంచి వస్తోంది" అందట. కబురు అందగానే పరిగెత్తాను.

మా ఊరు కొత్తలంక మొత్తానికి ఆ రకం బోర్డు ఇంకొక్కటే మిగిలింది. అది తెచ్చి బిగించేలోపు పోటు మొదలై పలక తూర్పుకి ఒరిగింది. అడుగున మా ఆయన పోతురాజు ఒగురుస్తూ చేతి పంపు కొడుతున్నాడు. నేల మీద వాళ్ళెవరైనా ఇది చదివితే తెలియాలి కాబట్టి రాస్తున్నాను: మా ఊరు నీళ్ళ మీద తేలుతుంది. ఒక్కో పలక మీద ఇళ్ళు, మడులు, వంటశాల. పలక అడుగున నాలుగు పొట్టలు, వాటినిండా నీళ్ళు. పలక ఏ పక్కకి ఒరిగితే ఆ పక్క పొట్టలోంచి నీళ్ళు తోడాలి, లేదా ఎదుటి పొట్ట నింపాలి. ఆ పని చూసే సిస్టమ్‌ని అందరం పెద్దమ్మ అంటాం. కాగితాల్లో దానికి వేరే పేరు ఉంది, ఎవరికీ గుర్తులేదు.

బోర్డు బిగించి మీట నొక్కితే ఎప్పటిలాగే తెర మీద "ఆఁ, చెప్పండి" అని వచ్చింది. ప్రాణం లేచొచ్చింది. కాసేపటికి పెట్టె మీద చెయ్యి వేస్తే, పెనంలా కాలుతోంది. ఈ బోర్డు కూడా ఎక్కువ కాలం బతకదు.

సాయంత్రం సర్పంచ్ భానుమతి గారు అందరినీ కూర్చోబెట్టారు. పై పట్నాల్లో వాడే ప్రవాహం అనే సిస్టమ్‌కి మారాలని, ముందు మా పలకే మారాలని తేల్చారు. మారిస్తే మార్చేది నేనే. ఇక్కడ ప్రోగ్రాములు రాసేవాళ్ళం ఇద్దరమే మరి, నేనూ ఖాదర్ బాబాయీ. పలకల్ని మొదటిసారి గొలుసులతో కట్టిన రోజుల్లో పెద్దమ్మను రాసిన కుర్రాళ్ళలో ఆయన ఒకరు. మిగిలింది ఆయనొక్కరే. నాకు ప్రోగ్రాము రాయడం నేర్పింది కూడా ఆయనే.

"బోర్డు పోతే బోర్డు వెతకండి" అన్నారు ఆయన లేచి నిలబడి. "చెప్పులు తెగాయని కాళ్ళు మార్చుకుంటారా ఎవరైనా?"

"బోర్డులు చేసేవాళ్ళే లేరు బాబాయ్" అన్నాను.

ఆయన నా వైపు చూడకుండానే వెళ్ళిపోయారు.

భాద్రపద శుద్ధ చవితి

ఉండ్రాళ్ళు తిని నేర్చుకోవడానికి కూర్చున్నాను. ప్రవాహంతో పాటు వచ్చిన పుస్తకంలో మొదటి సలహా: ఏం మార్చారో, ఏం పాడైందో రోజూ రాసుకోండి అని. బోర్డు మాడిన రోజు నుంచి రాస్తున్న ఈ రాత ఇక అందుకూ పనికొస్తుంది.

పెద్దమ్మ దగ్గర "చూపు" అంటే చూపేది, "తోడు" అంటే తోడేది. ఇక్కడ నా వేళ్ళు వాటంతట అవే "చూపు" అని కొట్టేస్తున్నాయి. అలాంటి మాట నాకు తెలియదు అంటుంది ఇది. ఒక ఫైలు తెరవబోతే ఎవరి తరఫున అని అడుగుతుంది. నా తరఫునే తల్లీ అంటే, మీరెవరు అంటుంది. ఒళ్ళు మండి కుర్చీలోంచి లేచాను.

రాజు నవ్వాడు. "పెళ్ళైన కొత్తలో కూడా నువ్వింతేగా. మా ఇంట్లో ఉప్పు డబ్బా కోసం మీ పుట్టింటి గూడు ఎక్కడుంటుందో అక్కడ చెయ్యి పెట్టేదానివి. గోడ తగిలేది."

"అప్పుడు మీ అమ్మ కూడా ఇలాగే అడిగింది, ఎవరు నువ్వు అని."

"తర్వాత తాళాలన్నీ నీకే ఇచ్చిందిగా?"

మళ్ళీ కూర్చున్నాను. ఈ ప్రవాహంలో నాకు నచ్చిన సంగతి ఒకటి కనబడింది. ఒక ప్రోగ్రాము మొండికేస్తే దాన్నొక్కదాన్నీ ఆపేయొచ్చు, మిగతావి వాటి మానాన అవి నడుస్తాయి. పెద్దమ్మలో ఒకటి ఇరుక్కుంటే అన్నీ ఆగేవి, మొత్తం ఆపి మళ్ళీ లేపాల్సి వచ్చేది. పైగా ఇది ఎన్ని పనులైనా ఒకేసారి చేస్తుంది. ఈ సంగతి ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పాల్సిన మనిషి ఖాదర్ బాబాయే. గిన్నెలో నాలుగు ఉండ్రాళ్ళు వేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. గిన్నె తీసుకున్నారు. "ఎలా ఉంది?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే, "వద్దులే, చెప్పకు" అని వలలు ఆరేసిన వైపుకి తిరిగిపోయారు.

భాద్రపద బహుళ అష్టమి

ఈ రోజే మార్చేశాం. అష్టమి నాడు పోటు తక్కువ, అందుకని ఎంచుకున్నాం. పొట్టల ప్రోగ్రాములన్నీ పాతవే, ప్రవాహంలో నడిచేలా మాటలు మార్చానంతే. లెక్కలు ముట్టుకోలేదు.

పెద్దమ్మను ఆపే ముందు నా చెయ్యి ఆడలేదు. బళ్ళో ఉండగా నా పేరు కొట్టి, దానికి బదులొస్తే గంతులేసిన కంప్యూటర్ ఇదే. అప్పయమ్మత్త వెనక నుంచి, "ఇంకేం చూస్తావ్, మొహం కడిగించి బొట్టు పెట్టి పంపిద్దామా?" అంది. నవ్వాను, ఆపేశాను. బోర్డు తీసి బట్టలో చుట్టి పైన పెట్టి, ప్రవాహంతో పాటు వచ్చిన కొత్త రకం బోర్డు బిగించాను.

ప్రవాహం లేచింది. పంపులు తిరిగాయి. వంటశాల దీపాలు, మడుల తడి కొలిచే పరికరాలు, మంచినీళ్ళ యంత్రం, అన్నీ చకచకా పలికాయి. పెద్దమ్మ గుక్క తిప్పుకుంటూ చేసే పని ఇది చిటికెలో చేసేస్తోంది. భానుమతి గారు వచ్చి చూసి, "మిగతా పలకలకి కూడా తారీఖులు రాసెయ్యమంటావా?" అన్నారు. ఒక్క పెద్ద పోటు దాటనివ్వండి అన్నాను.

మహాలయ అమావాస్య

పెద్ద పోటు వచ్చింది. పలక ఊగుతోంది.

ముందు ఎవరూ పట్టించుకోలేదు. పసిపిల్లల తల్లులు, ఉయ్యాల ఊపే పని తప్పిందని నవ్వుకున్నారు. తూర్పుకి కాస్త ఒరిగి, సర్దుకునేది పోయి పడమటికి ఒరిగింది. మళ్ళీ తూర్పుకి. ప్రతిసారీ కిందటిసారి కంటే ఎక్కువ. మధ్యాహ్నం బంతి వేసే వేళకి గంజి డేగిసా బల్ల మీద నుంచి జారింది. అప్పయమ్మత్త పట్టుకోబోయింది. మోచేతి దాకా కాలింది.

పరిగెత్తి వెళ్ళి పొట్టల ప్రోగ్రాములన్నీ ఆపేశాను. రాజు, అతని మనుషులు చేతి పంపులతో పలకను నిలబెట్టారు. 

అత్త చేతికి మందు రాస్తుంటే నా కళ్ళలో నీళ్ళు ఆగలేదు. "ఏడవకే, నా చెయ్యి కాలడం ఇదే మొదలా?" అంది. "కొత్త కోడలు గిన్నె జారవిడిచిందని ఇంట్లోంచి గెంటేస్తామా? నేర్పు దానికి."

లెక్కలు మళ్ళీ చూశాను. ఒక్క అంకె కూడా తేడా లేదు. ఏ పొట్ట ప్రోగ్రాము విడిగా నడిపినా సరిగ్గా చేస్తోంది. నాలుగూ కలిపి నడిపితే పలక ఊగుతోంది.

ఆశ్వయుజ శుద్ధ అష్టమి

చిన్న పోటు రోజుల్లో ఊగడం తగ్గింది, పోలేదు. రాజు అడుగుకి దిగి వచ్చి ఒక మాట చెప్పాడు. "అన్ని పంపులూ ఒకేసారి మోగుతున్నాయి రత్నం. ఇదివరకు ఇలా వినలేదు నేను." వేగం ఎక్కువ కదా అనుకుని వదిలేశాను. 

ఈ రోజు వాతావరణం వాళ్ళ నుంచి కబురు. సముద్రంలో వాయుగుండం పట్టింది. ఆశ్వయుజ పౌర్ణమికి అటూ ఇటూగా మా మీదికి రావచ్చు. పౌర్ణమి పోటు, తుఫాను రెండూ కలిసి వస్తాయన్నమాట.

సభ పెట్టారు. బట్టలో చుట్టిన బోర్డు మళ్ళీ బిగించి పెద్దమ్మనే లేపమని సగం మంది. ఉప్పు పలక వాళ్ళయితే మాకీ మార్పే వద్దన్నారు. వాళ్ళ కంప్యూటర్ కూడా రోజూ రెండుసార్లు ఆగి లేస్తోందని నాకు తెలుసు, వాళ్ళకీ తెలుసు. భానుమతి గారు నన్నడిగారు: "నువ్వు చెప్పు. ఏది చేస్తే పలక నిలబడుతుంది?"

"బోర్డు వేడెక్కుతోంది. తుఫాను మధ్యలో మాడిపోతే ఇక ఏమీ ఉండదు. ప్రవాహంలో తప్పు ఎక్కడుందో నాకింకా దొరకలేదు. రేపటిదాకా ఆగండి."

ఆ మాట అనడానికి ఎంత సిగ్గేసిందో. తిన్నగా ఖాదర్ బాబాయ్ ఇంటికి వెళ్ళాను.

ఆయన వల బాగుచేసుకుంటున్నారు. గుమ్మంలో నిలబడి అంతా చెప్పాను. పంపులన్నీ ఒకేసారి మోగుతున్నాయన్న రాజు మాట దగ్గర ఆయన చేతిలో సూది ఆగింది.

"ఒకేసారా?"

"ఆయ్. నాలుగూ."

"పడవలో నలుగురు కూర్చున్నారనుకో" అన్నారు మెల్లగా. "పడవ ఎడమకి ఒరిగింది. ఒకడు లేచి కుడికి జరిగితే?"

"సర్దుకుంటుంది."

"నలుగురూ ఒక్కసారే కుడికి జరిగితే?"

నేను గుమ్మంలోనే కూర్చుని లెక్క మళ్ళీ వేశాను. ప్రతి పొట్ట ప్రోగ్రాము పలక ఒరిగిందని చూస్తుంది, ఆ ఒరుగు మొత్తం సరిచేసేన్ని నీళ్ళు తోడుతుంది. పెద్దమ్మ ఒకసారి ఒక్క మాటే వినేది. ఒక పొట్ట పని ముగించాకే రెండోది చూసేది. అప్పటికి పలక తిన్నగా ఉండేది, చెయ్యడానికి దానికేమీ మిగిలేది కాదు. ప్రవాహం నలుగురినీ ఒకేసారి లేపుతోంది. నలుగురూ ఒకే ఒరుగు చూసి, నలుగురూ పూర్తిగా సరిచేస్తున్నారు.

"వరసలో నిలబడండని మేమెక్కడా రాయలేదు" అన్నారు బాబాయ్. "రాయాల్సిన అవసరమే రాలేదు. పెద్దమ్మకి ఇంకో దారి తెలియదుగా."

"నాకీ పాటి తట్టలేదు బాబాయ్."

"దానితోనే పెరిగావు, నీకెలా తడుతుంది? నేను దాన్ని అలా కట్టినవాణ్ణి కాబట్టి తట్టింది." వల పక్కన పెట్టారు. "పద. నీ కొత్తదాన్ని చూపించు."

ఆశ్వయుజ శుద్ధ ద్వాదశి

వంతు పెట్టాం. పలకకి వంతు ఒక్కటే. అది ఎవరి దగ్గరుంటే ఆ పొట్టే పలకను చూడాలి, తోడాలి, ముగించి పక్క పొట్టకి ఇవ్వాలి. చెప్పడానికి ఇంతే. పొట్టలకే కాదు, మడులకీ మంచినీళ్ళకీ ఎక్కడెక్కడ ఇద్దరు ఒకేదాని మీద చెయ్యి వేస్తున్నారో అవన్నీ వెతికి రాశాం.

బాబాయ్ పక్కన కూర్చుని పాత ప్రోగ్రాము చదివి చెబుతుంటే నేను కొత్తది కొట్టాను. మధ్యమధ్యలో ఏదో మూల వాళ్ళు కుర్రాళ్ళుగా రాసుకున్న మాటలు కనబడేవి. ఒకచోట "ఇది ఎందుకు పని చేస్తోందో తెలియదు, ముట్టుకోకండి" అని ఉంది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "వెంకటరమణ రాసిందిది. వాడికి ఎప్పుడూ తెలిసేది కాదు, ఎప్పుడూ పని చేసేది."

అప్పయమ్మత్త కట్టు కట్టిన చేత్తోనే పెసరట్లు పంపింది.

ఈ రోజు పోటుకి నాలుగు ప్రోగ్రాములూ కలిపి నడిపాం. రాజు అడుగు నుంచి అరిచాడు: "ఒకటి మోగింది, ఆగింది! రెండోది... మోగలేదు!" పలక కదల్లేదు. బల్ల మీద నీళ్ళ గ్లాసు పెట్టి అందరం దాని చుట్టూ మూగి చూశాం, పెళ్ళికూతుర్ని చూసినట్టు.

భానుమతి గారు మళ్ళీ అదే అడిగారు. తుఫానుకి ఏది ఉంచుదాం? నేను బాబాయ్ వైపు చూశాను. ఆయన పెద్దమ్మ అంటారనే అనుకున్నాను.

"రత్నం ఏదంటే అదే" అన్నారు. "నన్నడిగితే మాత్రం, ఆ బోర్డును నేను నమ్మను."

ప్రవాహమే ఉంచుదాం అన్నాను. పిల్లల్ని, ముసలివాళ్ళని పెద్ద పలకల మీదికి పంపేశారు. అప్పయమ్మత్త వెళ్ళనంది.

ఆశ్వయుజ పౌర్ణమి మర్నాడు

నిన్న మధ్యాహ్నం దాటింది తుఫాను. ఇప్పటికి కూర్చుని రాయడానికి కుదిరింది.

పొద్దున్నుంచే గాలి. గొలుసులు ఏనుగుల్లా ఘీంకరించాయి. వంతు పొట్ట నుంచి పొట్టకి తిరుగుతూనే ఉంది. పలక కెరటం మీద లేచి, దిగి, ప్రతిసారీ తిన్నగా నిలబడుతోంది. మడులన్నీ కొట్టుకుపోయాయి, కళ్ళారా చూశాం. వంటశాల పొగగొట్టం విరిగి ఎగిరిపోయింది. అయినా పలక నిలబడే ఉంది.

అలాంటప్పుడు ఒక్కసారిగా పంపుల చప్పుడు ఆగిపోయింది. తెర మీద చూస్తే వంతు ఉత్తరం పొట్ట దగ్గరుంది. అది ఇవ్వదు. దాని పంపులో ఏదో చెత్త ఇరుక్కుంది, నీళ్ళు రావు, పని ముగియదు, వంతు వదలదు. మిగతా మూడూ బుద్ధిగా ఎదురుచూస్తున్నాయి. పలక ఉత్తరానికి ఒరుగుతోంది. కుర్చీలు జారాయి. అప్పయమ్మత్త స్తంభాన్ని కావలించుకుని దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలుస్తోంది. రాజు అడుగునే ఉన్నాడు, ఆ ఉత్తరం పొట్ట పక్కనే.

వంతు పట్టుకున్నవాడు పడిపోతే ఏం చెయ్యాలో నేను రాయలేదు. అది నాకు తట్టలేదు, బాబాయ్‌కీ తట్టలేదు.

బాబాయ్ చెయ్యి అప్పటికే పెద్ద మీట మీదికి వెళ్ళింది, మొత్తం ఆపి లేపడానికి. అలవాటది. ఆపి లేపేసరికి పలక తిరగబడుతుంది.

"వద్దు బాబాయ్!" ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఉత్తరం పొట్ట ప్రోగ్రామునొక్కదాన్నీ పేరు పెట్టి ఆపాను. ఎవరి తరఫున అని అడిగింది ప్రవాహం. అంత గాలిలోనూ అడిగింది. నా పేరు కొట్టాను. ఈసారి మీరెవరు అనలేదు.

వంతు జారి తూర్పు పొట్టకి చేరింది. పంపు మోగింది. తర్వాత దక్షిణం. పలక మెల్లగా, మూలుగుతూ, లేచి నిలబడింది. కాసేపటికి అడుగు నుంచి రాజు పైకి వచ్చాడు, ఒళ్ళంతా బురద, చేతిలో ఎవరిదో చిరిగిన దుప్పటి. "ఇది మింగింది నీ పంపు" అన్నాడు. అతన్ని పట్టుకుని ఏడ్చేశాను, ఎవరున్నారో కూడా చూసుకోలేదు.

గాలి తగ్గాక బాబాయ్ తెర మీద నేను ఆపిన ప్రోగ్రాము పేరు వేలితో చూపించారు.

"ఒక్కదాన్నే ఆపడం..." అన్నారు. "వెంకటరమణా నేనూ ఎన్నాళ్ళో తల పగలగొట్టుకున్నాం అందుకోసం. చేతకాలేదు మాకు. చేసినవాళ్ళెవరో గానీ, మంచి పని చేశారమ్మాయ్."

కార్తీక శుద్ధ సప్తమి

వంతు ఎక్కువసేపు పట్టుకుంటే లాక్కునేలా రాశాం. మళ్ళీ నాట్లు వేశారు. ఉప్పు పలక వాళ్ళు వచ్చి మాకెప్పుడు అని అడిగారు, అదేదో మేమే ఇన్నాళ్ళూ ఆలస్యం చేసినట్టు.

బాబాయ్ ప్రవాహం నేర్చుకుంటున్నారు. నాకు మనశ్శాంతి లేదు. పొద్దున్నే గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, ఇది నన్ను లోపలికి రానివ్వట్లేదు" అంటారు. పోయి చూస్తే తన పేరే తప్పు కొట్టి ఉంటారు. నేర్పితే వినరు, నన్ను పక్కకి జరిపి తానే కొడతారు, తిడతారు, మళ్ళీ పిలుస్తారు. నిన్న ఒక ప్రోగ్రాము మొత్తం సొంతంగా రాసి, నడిపించి, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టుకుని కూర్చున్నారు, నేను చూసి మెచ్చుకునేదాకా. మెచ్చుకున్నాను. అప్పయమ్మత్త ఆయనకి రెండో గ్లాసు టీ పోసింది.

పుష్య శుద్ధ దశమి

దక్షిణాన గుల్లలమెట్ట అనే తేలే ఊరు ఉంది. వాళ్ళదీ మా పెద్దమ్మ లాంటి పాత సిస్టమే, వాళ్ళ బోర్డులూ అయిపోయాయి. సాయం పంపమని అడిగితే నేనూ బాబాయీ పడవ మీద వెళ్ళాం.

అక్కడ ప్రోగ్రాములు చూసే అమ్మాయి పేరు హైమ. నాకంటే చిన్నది. మేం గదిలోకి అడుగుపెట్టగానే కంప్యూటర్‌కి అడ్డంగా నిలబడింది. "మాది బాగానే పనిచేస్తోంది. మీరు టీ తాగి వెళ్ళండి" అంది. వెనకాల పెట్టెలోంచి కాలిన వాసన వస్తోంది. ఆ అమ్మాయి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిద్ర లేనట్టుంది.

నేను తుఫాను సంగతి, వంతు సంగతి చెప్పబోయాను. తను చేతులు కట్టుకుని నేలచూపులు చూస్తోంది. నా మాటలు ఒక్కటీ చెవిన పడటం లేదని తెలుస్తూనే ఉంది.

బాబాయ్ నా భుజం మీద తట్టి ఆపారు. ఒక పీట లాక్కుని కూర్చున్నారు.

"దీన్ని మీరేమని పిలుస్తారమ్మా?"

హైమ తలెత్తింది. చెప్పడానికి మొహమాటపడింది. "చిట్టెమ్మ" అంది చివరికి.

"ఎవరు పెట్టారా పేరు?"

"మా నాన్న."

"ఎలా ఉండేది? పేచీలు పెట్టేదా?"

ఆ అమ్మాయి చేతులు విప్పింది. "వానొస్తే లేవదండీ. ఎందుకో ఎవరికీ తెలియదు. పక్కన కూర్చుని రెండుసార్లు తట్టాలి." చెబుతూ చెబుతూ పెట్టె మీద తట్టి చూపించింది, నవ్వింది, ఆ వెంటనే మొహం చేతుల్లో దాచుకుంది.

బాబాయ్ ఇంకో పీట లాగి తన పక్కన వేశారు. "కూర్చో తల్లీ. మొదటి నుంచి చెప్పు. మాకేం తొందర లేదు."

నేను తెచ్చిన ప్రవాహం పెట్టె విప్పకుండా గుమ్మం దగ్గరే పెట్టి, టీ పెట్టడానికి వాళ్ళ వంటశాల ఎటో అడిగి వెళ్ళాను.